బలమున్న కుర్రాడికి ఏ దారి: స్ట్రాంగ్‌మనా, వెయిట్‌లిఫ్టింగా, పవర్‌లిఫ్టింగా?

"మా గుంటడికి ఒంట్లో బలం బాగుంది మాస్టారూ, ఏటి నేర్పించమంటారు?" అని అడిగే తల్లిదండ్రులు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎప్పుడూ ఉన్నారు. ఒకప్పుడు ఈ మాటకి జవాబు తేలిక. వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే చోటు ఎక్కడ దగ్గరైతే అక్కడికి పంపండి అనేవాళ్లం. ఇప్పుడు పిల్లలే ముందుగా ఒక నిర్ణయం చేసేసుకుని వస్తున్నారు. ఫోన్లో ఐస్‌లాండ్ వాళ్లో స్కాట్లండ్ వాళ్లో లారీలు లాగుతూ, రాతి గుండ్లు ఎత్తుతూ కనిపిస్తారు. అది చూసి "నేను స్ట్రాంగ్‌మన్ అవుతా" అంటాడు పిల్లాడు. జిమ్‌కి వెళ్లే ఇరవయ్యేళ్ల వాడైతే పవర్‌లిఫ్టింగ్ అంటాడు. ఇంట్లోవాళ్లకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, బరువెత్తడమే కదా అని.

మూడింట్లోనూ ఎత్తేది బరువే. ఎత్తినందుకు అన్నం పెట్టేవాళ్లు మాత్రం వేరు. వెయిట్‌లిఫ్టర్‌కి అన్నం పెట్టేది సర్టిఫికెట్, దాని వెనకాల వచ్చే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. స్ట్రాంగ్‌మన్‌కి అన్నం పెట్టేది జనం: టిక్కెట్టు కొనేవాళ్లు, వీడియో చూసేవాళ్లు, ఆ చూసేవాళ్ల కోసం డబ్బు ఖర్చుపెట్టే కంపెనీలు. పవర్‌లిఫ్టింగ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, కాస్త సర్టిఫికెట్ వైపు ఒరిగి. పిల్లాడు ఎంత బరువెత్తగలడు అన్నది తర్వాత సంగతి. వీడికి రేపు జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న ముందు వేసుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

నా అభిప్రాయం దాచుకోను. పదహారేళ్ల లోపు పిల్లలకైతే, మగపిల్లలైనా ఆడపిల్లలైనా, వెయిట్‌లిఫ్టింగే ముందు. ఇరవై దాటి అప్పుడే ఇనుము పట్టిన వాడికి పవర్‌లిఫ్టింగ్ మేలు. స్ట్రాంగ్‌మన్ అన్నది చేతిలో వేరే ఆదాయం ఉన్నవాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు దిగాల్సిన దారి. ఎందుకంటున్నానో చెబుతాను.

కోడి రామమూర్తి నాయుడు బతికిన బతుకు

స్ట్రాంగ్‌మన్ అన్న వృత్తి మనకి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడు ఆ రోజుల్లోనే ఈ వృత్తిని చివరంటా చూశారు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన గొలుసుని ఊపిరి బిగించి తెంపడం, కదలబోయే కార్లని పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. లండన్‌లో ఐదో జార్జి రాజు, మేరీ రాణి ముందు ప్రదర్శన ఇచ్చి 'ఇండియన్ హెర్క్యులెస్' అనిపించుకున్నారు. మనవాళ్లు కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం.

ఆయన గురించి చెప్పుకునేటప్పుడు బలం దగ్గరే ఆగిపోతాం. సంపాదన ఎలా వచ్చిందో చూడం. ఆయనకి మెడల్ ఇచ్చిన సంఘం లేదు, ఉద్యోగమిచ్చిన కోటా లేదు. సర్కస్ కంపెనీ పెట్టారు. డేరా వేశారు, ఊరూరా తిరిగారు, టిక్కెట్టు కొన్న జనం డబ్బిచ్చారు. ఆ డబ్బులోంచి ఉదారంగా దానాలు చేశారు. చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలో కన్నుమూశారు. ఒళ్లు బాగున్నన్నాళ్లే ఆట ఆడుతుంది, ఆట ఆడినన్నాళ్లే డబ్బు వస్తుంది. ఆ లెక్క ఈరోజు ప్రపంచంలో ఎంత పెద్ద స్ట్రాంగ్‌మన్‌కైనా మారలేదు. డేరా స్థానంలో యూట్యూబ్ వచ్చింది, అంతే.

'వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్' పోటీ కూడా టీవీ కోసం పుట్టిందే. 1977లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో మొదలైంది. మొదటి విజేత బ్రూస్ విల్‌హెల్మ్. ఆయన అంతకు ముందు ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ చేసి వచ్చిన మనిషి. ఈ సంగతి మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి. ఆ తర్వాత ఐస్‌లాండ్ నుంచి యోన్ పాల్ సిగ్మార్సన్, మాగ్నుస్ వేర్ మాగ్నుసన్ నాలుగేసి సార్లు గెలిచారు. పోలండ్‌కి చెందిన మారియుష్ పుద్జియానోవ్‌స్కీ ఐదుసార్లు గెలిచాడు, ఇప్పటికీ అదే రికార్డు. 2025లో గెలిచిన రేనో నెల్ దక్షిణాఫ్రికాకి చెందిన ఇంజనీరు. స్కాట్లండ్‌కి చెందిన టామ్ స్టోల్ట్‌మన్ మూడుసార్లు గెలిచాడు, అన్నతో కలిసి జిమ్, యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు. 2017 విజేత ఎడ్డీ హాల్ అంతకు ముందు లారీల మెకానిక్. ప్రపంచంలోనే మొదటి వరసలో ఉన్నవాళ్లు కూడా ప్రైజ్ మనీ ఒక్కటే నమ్ముకుని కూర్చోలేదు. మన కుర్రాడు మాత్రం దాన్ని నమ్ముకుని చదువు మానేస్తే ఎలా?

వెయిట్‌లిఫ్టింగ్: మన మట్టిలో ఉన్న దారి

ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. అంతకు ముందే 1994, 1995ల్లో ఆమె ప్రపంచ ఛాంపియన్. సిడ్నీలో స్వర్ణానికీ ఆమెకీ తేడా రెండున్నర కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, అది నిలబడలేదు. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఈ ఊళ్లోనే మొదలుపెట్టి, భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసి, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయింది. ఆట అయిపోయాక కూడా ఆ ఆట అన్నం పెట్టిందంటే ఇదే.

విజయనగరం వైపు నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఉంది. ఆ ఊరి పేరు చెబితే వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం అందుకుంది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషికి రజతం వచ్చింది. డోపింగ్ గురించి పిల్లలకి చెప్పాలంటే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. శుభ్రంగా ఆడితే పైమెట్టు మనల్ని వెతుక్కుంటూ వచ్చింది. మందు వాడిన అమ్మాయికి అప్పటికి పదహారేళ్లు, చేతికొచ్చిన స్వర్ణం పోయింది.

ఈ ఆటలో మొదటి నెలలు చాలా మందికి విసుగు. పిల్లాడు బరువెత్తుతాననుకుని వస్తాడు, కోచ్ కర్ర చేతికిస్తాడు. కర్రతో కూర్చోవడం, లేవడం, తల మీదకి తీసుకోవడం. బార్ చేతికొచ్చాక పట్టు నేర్పుతారు: బొటనవేలిని ముందు బార్‌కి చుట్టి, దాని మీదుగా చూపుడువేలు, మధ్యవేలు బిగించాలి. హుక్ గ్రిప్ అంటారు. మొదట్లో బొటనవేలు ఎర్రగా కంది, అన్నం కలుపుకోవాలన్నా నెప్పెడుతుంది. తర్వాత చర్మం గట్టిపడుతుంది, ఆ పట్టు లేకపోతే బార్ పట్టుకున్నట్టే ఉండదు. ఇక్కడే ఎవరు నిలబడతారో తెలిసిపోతుంది. బలం ఎక్కువున్నవాడు కర్ర పట్టుకోవడానికి నామోషీ పడి మానేస్తాడు. సన్నగా ఉన్న పిల్ల ఆరు నెలలు కర్రతోనే ఓపిగ్గా చేసి, రెండేళ్లలో జిల్లా పోటీకి వెళ్తుంది. మీ పిల్లాణ్ణి ఏదో ఒక దాంట్లో వేసే ముందు రెండు నెలలు ఇది చేయించి చూడండి. కర్ర మీద ఓపిక లేనివాడికి రాతిగుండు మీద కూడా ఉండదు.

పోటీలో స్నాచ్‌కి మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కి మూడు ప్రయత్నాలుంటాయి. పేరు పిలిచాక ఒక నిమిషం. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు ఒప్పుకుంటే లిఫ్ట్ చెల్లుతుంది. శరీర బరువుల వారీగా విభాగాలుంటాయి కాబట్టి ఐదడుగుల పిల్లకీ చోటుంది, ఆరడుగుల వాడికీ చోటుంది. పొట్టిగా, కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకి ఈ ఆట ఇంకా అనుకూలం. మన వైపు పిల్లల ఒడ్డూ పొడుగూ చూస్తే నా మాట ఎందుకో అర్థమవుతుంది.

ఇక ఉద్యోగం మాట. రైల్వే, సైన్యం, కేంద్ర బలగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు వెయిట్‌లిఫ్టర్లని తీసుకుంటాయి. సైన్యానికి బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలున్నాయి, చిన్న వయసులోనే ఎంపిక చేసుకుని చదువూ ఆటా రెండూ చూసుకుంటారు. ఆట ఆగిపోయాక పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేస్తే అదొక బతుకుదెరువు. ఒలింపిక్స్ దాకా వెళ్లే పిల్ల కోటికి ఒకతి. కానీ నేషనల్స్‌లో మూడో స్థానం తెచ్చుకున్న పిల్ల కూడా ఇంటికి జీతం తేగలదు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

పవర్‌లిఫ్టింగ్: ముద్ర చూసుకుని దిగండి

స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువుని ఎత్తి నిటారుగా నిలబడటం). మూడేసి ప్రయత్నాలు. ఒలింపిక్స్‌లో లేదు గానీ కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా జాబితాలో ఉంది. స్నాచ్ లాంటి మెలకువలకి చిన్నప్పటి నుంచి ఒళ్లు వంగాలి. ఈ మూడూ ఇరవై రెండేళ్లకి మొదలుపెట్టినా వస్తాయి. మామూలు జిమ్ సామానుతోనే సాధన చేయొచ్చు. బెల్టు, మోకాలికి తొడిగే స్లీవ్‌లు, ఒంటికి అతుక్కునే పోటీ డ్రెస్సు (సింగ్లెట్) కొనుక్కుంటే మొదటి పోటీకి సరిపోతుంది.

చిక్కల్లా సంఘాలతోనే. పవర్‌లిఫ్టింగ్ పేరుతో దేశంలో సంఘాలు చాలా ఉన్నాయి. ప్రతివాళ్లూ 'నేషనల్స్' పెడతారు, ప్రతివాళ్లూ మెడల్ ఇస్తారు, ఫోటోలో అన్నీ ఒకేలా మెరుస్తాయి. ఉద్యోగానికి వెళ్లేసరికి కొన్ని సర్టిఫికెట్లు చెల్లవంటారు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి నిర్ణీత నమూనాలున్నాయి: అంతర్జాతీయ పోటీలకి ఫారం 1, జాతీయ పోటీలకి ఫారం 2, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకి ఫారం 3, పాఠశాలల జాతీయ పోటీలకి ఫారం 4. ఎంట్రీ ఫీజు కట్టే ముందే నిర్వాహకులని ఒక్క మాట అడగండి: "ఇందులో గెలిస్తే ఫారం 2 మీద సంతకం పెట్టే అధికారం మీకుందా అండీ?" సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

కాలేజీలో ఉన్నవాళ్లకి ఇంకో మంచి అవకాశం అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కింద చదివేవాళ్లు కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ని ఏడాది మొదట్లోనే కలవాలి. ఎంపికలు అయిపోయాక తెలిసి బాధపడేవాళ్లే ఎక్కువ.

తాడు లాగుడు పోటీ కూడా 2020లో కేంద్ర కోటా జాబితాలో చేరింది. ఊళ్లో ఎనిమిది మంది గట్టి కుర్రాళ్లుంటే దీని గురించి ఆలోచించండి. దానికి ఖర్చు తాడే. స్ట్రాంగ్‌మన్ మాత్రం ఆ జాబితాలో లేదు.

స్ట్రాంగ్‌మన్: ఎవరికి కుదురుతుంది

నాకు ఈ ఆటంటే ఇష్టం లేక కాదు ఇంత చెప్పింది. చూడ్డానికి ఇంతకన్నా గొప్ప ఆట ఇంకోటి లేదు. మన జాతరల్లో, సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తే పోటీలు చూసినవాళ్లకి అది ఒంట్లో ఎలా పలుకుతుందో తెలుసు. రెండు చేతుల్లో రెండు బరువులు పట్టుకుని పరిగెత్తినట్టు నడిచేది ఫార్మర్స్ వాక్. యోక్ అంటే భుజాల మీద ఇనుప చట్రం పెట్టుకుని నడవడం, మన కావిడి మోసినట్టే, కాకపోతే 400 కిలోలు. దుంగ ఆకారంలో ఉన్న ఇనుప లాగ్‌ని తల మీదకి నెట్టాలి. ఇక అట్లాస్ స్టోన్స్. గుండ్రటి రాళ్లు వరసగా ఉంటాయి, 100 కిలోలతో మొదలై 200 దాటే దాకా. ముంజేతులకి బంక పూసుకుని, కాళ్ల మధ్య గుండుని వాటేసుకుని, ఒళ్లోకి లాక్కుని, అక్కడి నుంచి తుంటి విసురుతో దిమ్మ మీదకి దొర్లించాలి. పట్టు దొరకని వస్తువుని ఎత్తడం అది. బార్ మీద 250 లాగే కుర్రాడు 120 కిలోల గుండు దగ్గర చతికిలబడటం మామూలే.

పైస్థాయిలో ఒడ్డూ పొడుగూ చూడండి. నాలుగుసార్లు విజేత బ్రయన్ షా 203 సెంటీమీటర్ల ఎత్తు, ఒళ్లు 200 కిలోలకి దగ్గర. టామ్ స్టోల్ట్‌మన్ ఎత్తూ అంతే. 2018లో గెలిచిన హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 206. ఎత్తు తక్కువున్నవాళ్లు అసలు గెలవరని కాదు. 2020లో యుక్రెయిన్‌కి చెందిన ఒలెక్సీ నోవికోవ్ 185 సెంటీమీటర్లతో, మిగతావాళ్లకన్నా ఎంతో తేలికైన ఒంటితో గెలిచాడు. కానీ ఐదడుగుల ఆరంగుళాల కుర్రాడు బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో ప్రపంచ విజేత అవుతాడని ఆశ పెట్టడం తప్పు. 80, 90, 105 కిలోల లోపు విభాగాలున్నాయి, అక్కడ గౌరవంగా పోటీ పడొచ్చు. అయితే టీవీ, స్పాన్సర్లు దాదాపు అంతా ఓపెన్ విభాగం చుట్టూనే. అంటే తేలిక విభాగంలో ఉన్నవాడు సొంత ఖర్చుతో ఆడతాడనే అనుకోవాలి.

పెద్ద పోటీకి దరఖాస్తు పెట్టి వెళ్లడం కుదరదు. విదేశాల్లో జరిగే అర్హత పోటీల్లో బాగా చేయాలి, పిలుపు రావాలి. వీసా, విమానం, బస, తిండి అంతా మీ జేబులోంచే. మన దేశంలో పోటీలు తక్కువ, రోడ్డు మీద ప్రదర్శనలు ఎక్కువ.

ఈ ఆటకి ఒక మంచి గుణం ఉంది: వయసు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ముప్ఫై దగ్గరపడితే చాలా మంది సర్దేసుకుంటారు. స్ట్రాంగ్‌మన్‌లో ముప్ఫైల్లోనే పండుతారు. లిథువేనియాకి చెందిన సావిట్‌స్కస్ తన నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచేసరికి 38 ఏళ్లు. కాబట్టి తొందరేం లేదు. పద్నాలుగేళ్లకి స్ట్రాంగ్‌మన్ మొదలుపెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా.

ఇప్పుడు బ్రూస్ విల్‌హెల్మ్ సంగతి. ఆయన ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ నుంచి వచ్చాడు. 1980 నుంచి వరసగా మూడేళ్లు గెలిచిన బిల్ కాజ్‌మయర్ పవర్‌లిఫ్టర్. అమెరికాలో జరిగే ఆర్నాల్డ్ స్ట్రాంగ్‌మన్ క్లాసిక్ అనే పెద్ద పోటీని 2002లో మొదటిసారి గెలిచిన మార్క్ హెన్రీ రెండు ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ చేసినవాడు. ఇటు నుంచి అటు వెళ్లిన వాళ్లు కనిపిస్తారు. రాళ్లెత్తడంతో మొదలుపెట్టి ఇరవై ఐదేళ్లకి స్నాచ్ నేర్చుకుని నేషనల్స్‌కి వెళ్లినవాడు నాకు తారసపడలేదు. భుజాలు, మడమలు ఆ వయసులో ఆ వంపు ఇవ్వవు. రెండు తలుపులూ తెరిచి ఉంచే దారి ఒకటుంటే, ఒకటి మూసేసే దారిలో ముందు ఎందుకు అడుగుపెట్టడం?

తిండి, ఒళ్లు, కిడ్నీ

బ్రయన్ షా లాంటివాళ్లు రోజుకి 12,000 క్యాలరీల దాకా తిన్నారు. మన కుర్రాడు 120 కిలోలకి పెరగాలన్నా రోజుకి ఐదారు వేలు కావాలి. మన లెక్కలో వేసుకుందాం. ఇరవై గుడ్లు, అరకిలో కోడిమాంసం, రెండు లీటర్ల పాలు, వేరుశనగ గుళ్లు, ఉలవలు, చోడి అంబలి, మూడు పూటలా అన్నం పప్పు. ఎంత పొదుపుగా చూసినా రోజుకి 500 రూపాయలు దాటుతుంది. నెలకి 15,000 తిండికే. వెయిట్‌లిఫ్టింగ్‌లో 60 కిలోల పిల్లకి ఇందులో మూడో వంతు కూడా అక్కర్లేదు, క్రీడా హాస్టల్లో సీటొస్తే అదీ వాళ్లే చూసుకుంటారు. జీడితోటల్లో కూలికెళ్లే ఇంటికీ, నెల్లిమర్ల జూట్‌మిల్లు జీతం మీద బతికిన ఇంటికీ ఈ తేడా చిన్నది కాదు. తిండి కోసం ఇంట్లో అప్పు చేయించే ఆట ఏదైనా సరే వద్దంటాను.

ఇంత ఒళ్లు మోయడం గుండెకీ బరువే. బీపీ పెరుగుతుంది, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య వస్తుంది. పేరున్న స్ట్రాంగ్‌మన్లు రాత్రిపూట ముక్కుకి మాస్కు, మిషను పెట్టుకుని పడుకుంటారు. యోన్ పాల్ సిగ్మార్సన్ 1993లో సాధన చేస్తూనే చనిపోయాడు, 32 ఏళ్లకి. ఎడ్డీ హాల్ 2016లో లీడ్స్‌లో 500 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసి, ముక్కులోంచి రక్తం కారి స్పృహ తప్పాడు. ఆ రికార్డుని బ్యోర్న్‌సన్ 2020లో 501కి, 2025లో 510కి తీసుకెళ్లాడు. ఆ సంఖ్యలు చూసి మురిసిపోండి, ఆ దారిలో ఏం జరుగుతుందో కూడా పిల్లాడికి చెప్పండి. నేల మీద పడుకోబెట్టిన పెద్ద టైరుని ఎత్తి తిప్పేటప్పుడు అరచేతులు పైకి పెట్టి చేతుల బలంతో లేపబోయి కండ తెంపుకోవడం ఈ ఆటలో తరచూ జరిగే గాయం. టైరుని ఛాతీతో, కాళ్లతో నెట్టాలి. నేర్పే మనిషి లేకుండా పంక్చర్ షాపు దగ్గర టైరు కనపడింది కదా అని తిప్పేయొద్దు.

ఉద్దానం వాళ్లకి వేరే మాట ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల పిల్లలు ప్రొటీన్ డబ్బా ముట్టుకునే ముందే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే అంకె), మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. తేలనప్పుడు మనం అదనపు భారం వేయకూడదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బుంటే ఏడాదికోసారి తప్పనిసరి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, అక్కడ డాక్టరుకి "బరువులెత్తుతాను, ఇంత తింటాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. బలం కోసం క్రియాటిన్ పొడి వాడుతుంటే అదీ చెప్పండి, దానివల్ల కిడ్నీ బాగున్నా పరీక్షలో అంకె పెరిగి కనపడొచ్చు. అన్నిటికన్నా పెద్ద శత్రువు నొప్పి మాత్ర. నడుం పట్టిందని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ రోజూ మింగడం, ఎండలో చెమట కారుస్తూ నీళ్లు తక్కువ తాగడం, రెండూ కలిస్తే ఎంత గట్టి కిడ్నీ అయినా తట్టుకోదు. నొప్పి మాత్ర వేసుకుంటే గాని సాధన చేయలేని స్థితి వచ్చిందంటే ఆ వారం సాధన ఆపాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

స్టెరాయిడ్ల గురించి కూడా ఇక్కడే. వెయిట్‌లిఫ్టింగ్‌లో నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు ఎప్పుడైనా వచ్చి పరీక్ష చేయొచ్చు. దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం, ఉద్యోగం ఆశ కూడా పోతుంది. స్ట్రాంగ్‌మన్ పోటీల్లో చాలా వాటికి ఆ కట్టుదిట్టం లేదు. పిల్లలు దాన్ని వెసులుబాటు అనుకుంటారు, నేను ప్రమాదమంటాను. ఆపేవాడు లేని చోట పక్కవాడు వాడుతున్నాడని తనూ మొదలుపెడతాడు. ఏ ఆటలో ఉన్నా ఊరూ పేరూ లేని కంపెనీ పొడి కొనొద్దు. డబ్బా మీద రాయని మందు లోపల ఉంటే శిక్ష తాగినవాడికే.

మీ ఇంట్లో ఎవరున్నారు

పన్నెండేళ్ల ఆడపిల్ల, చురుకైన కాళ్లు: ఇంకేం ఆలోచించకండి, వెయిట్‌లిఫ్టింగ్. ఈ నేల మీద ఆడపిల్లలకి ఇంత స్పష్టంగా పడిన దారి ఇంకోటి లేదు. చుట్టాలు మగరాయుడిలా అయిపోతుందంటే మల్లీశ్వరి ఫోటో చూపించండి.

పదిహేనేళ్ల మగపిల్లాడు, వయసుకి మించి ఒళ్లు, ఫోన్లో స్ట్రాంగ్‌మన్ వీడియోలు చూస్తుంటాడు: వీడియోలు చూడనివ్వండి, సాధన మాత్రం వెయిట్‌లిఫ్టింగ్. చదువు ఆగకూడదు. పద్దెనిమిది దాటాక, 110 కిలోల ఒళ్లు వచ్చి, ఇంకా ఆ కోరిక ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పటికి ఒక ఫారం 4 అయినా చేతిలో ఉంటుంది.

ఇరవై ఒకటేళ్ల డిగ్రీ కుర్రాడు, రెండేళ్లుగా జిమ్: పవర్‌లిఫ్టింగ్, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, దాంతోపాటు ఉద్యోగ పరీక్షలు.

కళాసీ పని చేసే ఇరవై ఐదేళ్ల మనిషి, రోజంతా బస్తాలు మోసి సాయంత్రం సాధన చేస్తానంటాడు. ఇలాంటివాళ్లని చూస్తే నాకు గౌరవం. కానీ పగలంతా నడుం మీద బరువు మోసినవాడికి సాయంత్రం మళ్లీ డెడ్‌లిఫ్ట్ పెడితే నడుం పోతుంది, నడుం పోతే కూలీ పోతుంది. వారానికి రెండు రోజులు, సెలవు రోజు కలిపి, అంతకు మించి వద్దు. సంగిడి పోటీలు, తాడు లాగుడు వరకు చాలు.

ఇక కానిస్టేబులో, రైల్వే ఉద్యోగో, సొంత దుకాణం ఉన్నవాడో, పాతికేళ్లు పైన, ఆరడుగులు దాటి, 110 కిలోల పైన ఉన్నవాడు. స్ట్రాంగ్‌మన్ కుదిరేది ఇతనికే. నెల జీతం తిండి చూసుకుంటుంది. ముందు ఏడాది పవర్‌లిఫ్టింగ్ చేసి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ గట్టిపరుచుకోవాలి. తర్వాత ఫార్మర్స్ వాక్, యోక్, వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. సిమెంటు గుండు అచ్చులో పోయించుకోవచ్చు, 80 కిలోలతో మొదలుపెట్టండి. సాధన మొదటి రోజు నుంచీ వీడియో తీసి పెట్టుకోండి, ఈ వృత్తిలో సర్టిఫికెట్ స్థానంలో ఉండేది అదే. మాట్లాడటం నేర్చుకోండి, మన యాసలోనే మాట్లాడండి, చూసేవాళ్లుంటారు. బండి లాగే సాధన చివర్న పెట్టుకోండి. చదునైన నేల, బండి న్యూట్రల్‌లో, స్టీరింగ్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టుకుని లైసెన్సున్న డ్రైవరు, వాలు అస్సలు ఉండకూడదు, లాగేవాడికీ బండికీ మధ్య ఎవరూ నిలబడకూడదు. ఇవన్నీ కుదరని రోజు బండి లాగొద్దు, యోక్ మోసి ఇంటికెళ్లిపోండి.